తొమ్మిదో వాచీ ఇల్లు దాటదు

మామగారు తన పనిబల్ల మీద దుప్పటి కప్పేశారు.

మామూలు దుప్పటి కూడా కాదు. అతిథులొస్తే తప్ప అత్తగారు పెట్టెలోంచి పైకి తీయని పూల దుప్పటి. దాని కింద పట్టకార్లు, కంటికి పెట్టుకునే అద్దం, బుల్లి బుల్లి స్క్రూడ్రైవర్లు, వాటి మధ్య తొమ్మిదో నంబరు వాచీ, అన్నీ కనపడకుండా పోయాయి. నాలుగు కొసలూ జాగ్రత్తగా సర్ది, కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నారాయన.

"ఇంక నేను వాచీలు చెయ్యను," అన్నారు గోడతో.

"గోడకెందుకు చెప్తారు? అదేమైనా వాచీ అడిగిందా?" అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

"పొద్దున మళ్ళీ ఆగిపోయింది. మూడుసార్లు విప్పాను. మూడుసార్లూ లోపల ఏ తప్పూ లేదు. తప్పు కనపడటం లేదంటే ఏమిటి అర్థం? కన్నైనా పోయుండాలి, చెయ్యైనా పోయుండాలి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వాచీని తిట్టి ఏం లాభం?"

"కన్నూ చెయ్యీ సంగతి తర్వాత. ముందు దుప్పటి తియ్యండి. అది అతిథులది."

మామగారు గోడవైపు నుంచి తల తిప్పలేదు. అరిచే మామగారు పెద్దకోడలికి అలవాటే. ఇలా గోడను చూస్తూ కూర్చున్న మామగారిని ఈ ఇంటికి వచ్చాక ఇదే చూడటం.

పైగా ఆమె చేతిలో ఇంకా ఫోను ఉంది. అవతల మాట్లాడి పెట్టేసింది జడ్జిగారు.

ఆ ఇంట్లో వాచీలు చేసేది మామగారు. వాటికి మెరుగు పెట్టేది పెద్దకొడుకు. "ఎప్పటికిస్తారు?" అన్నవాళ్ళకు జవాబు చెప్పేది పెద్దకోడలు. ఈ మూడింటిలో ఏది కష్టమైన పనో అడిగితే ఆమె నవ్వి ఊరుకుంటుంది. పన్నెండే పన్నెండు వాచీలు, పదమూడోది ప్రాణం పోయినా చెయ్యం అని చెప్పుకునే లిమిటెడ్ ఎడిషన్ ఇది. పదకొండు వెళ్ళిపోయాయి. తొమ్మిదోది మాత్రం గడప దగ్గరికొచ్చి వెనక్కి తిరుగుతోంది.

అది జడ్జిగారిది.

"అమ్మాయ్, నా సర్వీసంతా నేను జనానికిచ్చిన వాయిదాలన్నీ కూడబెట్టి నువ్వొక్కదానివే నాకు తిరిగిచ్చేస్తున్నావు," అంది ఆవిడ ఫోనులో. గొంతులో కోపం లేదు, అదే భయం. "రిటైరయ్యే రోజుకి కావాలని ఆర్డరిచ్చాను. రిటైరయ్యాను. పూలగుత్తులు ఎండిపోయాయి. ఇంక ఫోనులో విచారణ లేదు. బయల్దేరాను. మధ్యాహ్నానికి మీ ఇంట్లో ఉంటాను."

"రండి మేడమ్, సిద్ధంగా ఉంటుంది," అనేసింది పెద్దకోడలు. అలవాటైన నోరు.

ఇప్పుడు ఆ నోటినే తిట్టుకుంటూ టిఫిన్ దగ్గర కూర్చుంది.

మామగారు రొట్టె ముక్క తుంచి, తినడం మర్చిపోయి, తన కుడిచేతినే అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు. అత్తగారు ఆ చేతిని చూడకుండా ఉండటానికి పాలగిన్నెను చూస్తున్నారు. పెద్దకొడుకు ఎప్పటిలాగే, "చూద్దాం," అన్నాడు. ఏం చూస్తాడో ఎవరూ అడగలేదు. చిన్నవాడు మాత్రం తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని తింటున్నాడు. తల తడిగా ఉంది.

"రెండుపూటలా తలంటుకునే మగపిల్లాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు," అన్నారు అత్తగారు.

"ఉక్కపోత అమ్మా," అన్నాడు వాడు.

నీళ్ళగ్లాసు కోసం చెయ్యి చాపాడు. అప్పుడు చూసింది పెద్దకోడలు.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. తయారైన వాచీ ఏదీ నేరుగా కొన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళదు. ముందు నెల రోజులు ఇంట్లోవాళ్ళ చేతిమీద కాపురం చెయ్యాలి. అత్తగారి చేతిమీదైతే వంటింటి వేడి, గిన్నెల మోత. పెద్దకొడుకు చేతిమీదైతే మెరుగు మిషను అదురు. పెద్దకోడలి చేతిమీదైతే ఫోనులో మాట్లాడుతూ గాలిలో తిప్పే తిప్పుళ్ళు. రోజూ పొద్దున గోడగడియారం కింద అందరూ వరసగా నిలబడి, బళ్ళో గోళ్ళు చూపించినట్టు చేతులు చాపాలి. మామగారు ఒక్కొక్కటీ సరిచూస్తారు. "పెట్టెలో పెడితే ఏ వాచీ అయినా బుద్ధిగానే నడుస్తుంది. సంసారంలో పెడితే తెలుస్తుంది దాని సంగతి," అంటారు. నిదానమే ప్రధానం అనే మాట ఆయన పుట్టకముందు నుంచే ఉంది కానీ, తనే కనిపెట్టినట్టు వాడతారు.

ఇలా ఒకటి తర్వాత ఒకటి కట్టీ కట్టీ, ఇంట్లో అందరి మణికట్టు మీదా పట్టీ ఉన్నంత మేర ఒక తెల్లని చార పడిపోయింది. అత్తగారికి ఉంది. భర్తకుంది. తనకుంది. వాచీలు వెళ్ళిపోయినా చారలు మిగిలాయి.

చిన్నవాడికి లేదు.

తొమ్మిదో వాచీ ఇన్నాళ్ళూ కట్టుకున్నది వాడు. ఈ పొద్దునే మామగారు దాన్ని వాడి చేతినుంచి విప్పుకుని లోపలికి తీసుకెళ్ళారు. ఆ చెయ్యి మోచేతి నుంచి వేళ్ళదాకా ఒకటే రంగు. కాఫీ పొడిలా, చార లేకుండా, చక్కగా ఎండకు కాలిన రంగు.

పెద్దకోడలు టిఫిన్ సగంలో వదిలి లేచింది.

పెరట్లో బట్టలు ఆరేసే తీగ దగ్గర వాణ్ణి పట్టుకుంది.

"చెయ్యి చూపించు."

"ఎందుకు వదినా?"

"జాతకం చెప్తాను. చూపించు."

చూపించాడు. ఆమె తన చెయ్యి పక్కన పెట్టింది. ఇద్దరూ రెండు చేతులనూ చూశారు. వాడికి అర్థమైంది. వాడు తెలివైనవాడే, ఆ తెలివే వాణ్ణి ఇంతదాకా తెచ్చింది.

"వాచీ ఎక్కడ పెడుతున్నావు?"

"మేజోడులో."

"ఎక్కడా?"

"నా గదిలో, మంచం కింద, మేజోడులో. పొద్దున నాన్నకి చూపించి, తీసి దాచేస్తాను. మళ్ళీ భోజనానికి కట్టుకుంటాను."

పెద్దకోడలు తీగ పట్టుకుని నిలబడింది. ఆ వాచీకి కీ ఇవ్వక్కర్లేదు. చెయ్యి కదిలితే లోపల బిళ్ళ తిరిగి, స్ప్రింగు దానంతటదే చుట్టుకుంటుంది. చెయ్యి కదలకపోతే ఆగిపోతుంది. మేజోడు ఏం కదులుతుంది? గోటితో పోయేదానికి గొడ్డలిదాకా తెచ్చాడు మహానుభావుడు.

"పగలంతా ఎక్కడికెళ్తున్నావు మరి? డయల్‌కి రంగులు వేసే మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్నావని కదా మీ నాన్నగారు అందరికీ చెప్పుకుంటున్నారు?"

"ఆ పని మొదటి వారమే మానేశాను వదినా. పట్టకారు పట్టుకుంటే నాకు నిద్రొస్తుంది." తర్వాతి మాట చెప్తుంటే వాడి మొహం మారిపోయింది, అడ్డు లేకుండా వెలిగింది. "ఈత నేర్పుతున్నాను. స్విమ్మింగ్ పూల్‌లో. పిల్లలకి, పెద్దవాళ్ళకి కూడా. నిన్న ఒక ముసలాయన, నీళ్ళంటేనే వణికేవాడు, వెల్లకిలా తేలాడు. ఆకాశం చూస్తూ ఏడ్చేశాడు వదినా. ఆ వాచీకేమో నీళ్ళు తగలకూడదు. నేనేం చెయ్యను?"

"చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? ఆ బల్ల నాదేనంటారు నాన్న. నేను పుట్టినప్పటి నుంచీ అంటున్నారు. ఆగితే వాచీని తప్పుబడతారనుకున్నాను కానీ, తన చేతిని తప్పుబట్టుకుంటారని అనుకోలేదు."

ఆ మాటలో నిజం ఉంది. అందుకే ఆమె కోపం సగం చల్లారింది. మిగతా సగం దాచుకుంది, పనికొస్తుందని.

"వెళ్ళి ఇప్పుడే చెప్పు."

"చెప్తాను."

"ఎప్పుడు?"

"త్వరలో."

"త్వరలో అనే మాట నేను కస్టమర్లకి చెప్తానురా. ఆ సరుకు నాకే అమ్ముతావా?"

వాడు నవ్వలేదు. "నేనే చెప్తాను వదినా. నీ నోటి నుంచి వింటే నాన్న తట్టుకోలేరు. నువ్వు చెప్పనని మాటివ్వు."

"జడ్జిగారు వచ్చేలోపు చెప్పాలి."

"అంతలోపే."

మాటిచ్చింది. ఇచ్చాక గానీ తెలియలేదు, అవతల జడ్జిగారికి ఒక మాట, ఇవతల వీడికి ఒక మాట, ముందు నుయ్యి వెనక గొయ్యి అని. ఆమె తేరుకునేలోపు వాడు పెరటి గేటు తీసేశాడు.

"ఎక్కడికి?"

"పిల్లలు నీళ్ళలో ఎదురుచూస్తుంటారు. పరుగున వచ్చేస్తాను!"

లోపలికి వెళ్ళి భర్త మిషను దగ్గర నిలబడింది. "ఏమండీ, ఒకరికిచ్చిన మాట నిలబెట్టుకుంటే ఇంకొకరికిచ్చిన మాట పోతుందంటే, ఏం చెయ్యాలి?"

అతను మిషను ఆపి, నిజంగానే ఆలోచించి, "చూద్దాం," అన్నాడు.

జడ్జిగారు మధ్యాహ్నానికి కాదు, ఇంకా ముందే వచ్చేసింది.

పొట్టి మనిషి. కారు దిగి గుమ్మంలోకి వస్తూనే గదంతా ఒకసారి చూసింది. గోడవైపు తిరిగిన కుర్చీ, దుప్పటి కప్పిన బల్ల, చేతులు నలుపుకుంటున్న కోడలు. "ఓహో," అంది. "వాచీ సిద్ధంగా లేదన్నమాట."

మామగారు లేచి నిలబడ్డారు. ఎన్నడూ లేనిది, చేతులు కట్టుకున్నారు.

"క్షమించండమ్మా. మా కోడలి తప్పు లేదు. నేను చెయ్యలేకపోయాను. ఆగిపోతోంది, ఎందుకో నాకు తెలియడం లేదు. నా చెయ్యి పోయింది. ఇంక ఈ బల్ల తెరవను."

ఆ మాట బయటివాళ్ళ ముందు వినేసరికి అత్తగారు కొంగుతో కళ్ళు అద్దుకున్నారు. పెద్దకోడలికి నాలుక చివరిదాకా వచ్చింది నిజం. మింగేసింది.

జడ్జిగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆగిపోతోంది సరే. ఎక్కడ ఆగిపోతోంది?"

"చేతి మీదేనమ్మా."

"ఎవరి చేతి మీద?"

"మా చిన్నవాడి చేతి మీద."

"అతనేడి?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పెరట్లో వదినతో మాట్లాడుతుంటే చూశాను," అన్నారు అత్తగారు. "వదినకి తెలిసుంటుంది."

ఇంక అందరి కళ్ళూ పెద్దకోడలి మీదే.

"తెలుసు," అంది ఆమె. "కానీ చెప్పను. మాటిచ్చాను."

మామగారు ఆమెవైపు చూసిన చూపులో కోపం లేదు, నొప్పి ఉంది. "నేనిలా అయిపోతుంటే... నీకు తెలిసి కూడానా అమ్మా?"

"మీ చెయ్యి పోలేదు మామయ్యగారూ." ఆమె ఒక అడుగు ముందుకేసింది. "అది మాత్రం చెప్తాను. ఇంకొక్క ముక్క అడగకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

అప్పుడు గుమ్మం దగ్గర తపతపమని అడుగుల చప్పుడైంది. చిన్నవాడు రొప్పుతూ నిలబడ్డాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

"నాన్నా," అని చెయ్యి చాపాడు. రోజూ పొద్దున చాపినట్టే. ఈసారి చేతిమీద ఏమీ లేదు. "చూడండి. చార లేదు. నేను కట్టుకోలేదు నాన్నా. నా ఎదురుగానే మీరు మూడుసార్లు విప్పారు. నేను నోరు విప్పలేదు."

ఇక ఆపకుండా అంతా చెప్పేశాడు. పూల్, పిల్లలు, మేస్త్రి దగ్గర మానేసిన పని. మామగారు ఆ చేతిని పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పి, కంటి అద్దం లేకుండానే పరీక్షగా చూశారు.

"అంటే, ఇన్నాళ్ళూ పగలంతా వాచీ నీ చేతికి లేదు."

"లేదు."

"ఎక్కడుంది?"

"మేజోడులో."

"మేజోడులో," అన్నారు మామగారు. భార్యవైపు తిరిగారు. "ఉతికిందేనా?"

"నాకేం తెలుసు!" అన్నారు అత్తగారు.

మామగారి పెదవులు కదిలాయి. ముందు ఏడుపు అనుకున్నారంతా. అది నవ్వు. కుర్చీ వీపు పట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వారాయన. కుడిచెయ్యి పైకెత్తి అందరికీ చూపించారు. "బాగానే ఉందే! నా చెయ్యి బాగానే ఉంది!" కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. అంత సంతోషం ఆ మొహంలో చూసి పెద్దకోడలు కూడా ఏడ్చేసింది, సిగ్గు లేకుండా.

కోపం ఆ తర్వాత వచ్చింది, తీరిగ్గా. "మూడుసార్లు విప్పించావు కదరా, అప్రాచ్యుడా! నిద్రల్లేకుండా చేశావు కదరా!"

"మరి నా వాచీ?" అంది జడ్జిగారు.

నవ్వు ఆగిపోయింది. మామగారు మళ్ళీ చేతులు కట్టుకున్నారు. "వాచీ మంచిదేనమ్మా. కానీ ఇవ్వలేను. ఇది మనిషి చేతిమీద నెల తిరగలేదు. నెల తిరగకుండా మా ఇల్లు దాటిన వాచీ లేదు. మళ్ళీ ఇవాళ మొదలుపెట్టాలి."

పెద్దకోడలు కళ్ళు మూసుకుంది. ఇంకో వాయిదా. ఈసారి ఆవిడ కొట్టినా కొడుతుంది.

"వాచీ ఇల్లు దాటకూడదు. అంతేనా మీ పద్ధతి?" అంది జడ్జిగారు.

"అంతే."

"ఎవరి చేతికి కట్టాలో పద్ధతిలో ఉందా?"

"ఇంట్లో ఉన్నవాళ్ళెవరికైనా."

"అయితే నేనూ దాటను. నా పెట్టె కారులోనే ఉంది, హోటల్లో దిగుదామని తెచ్చుకున్నాను. రిటైరయ్యాక నా కోసం ఎదురుచూసేవి రెండు పూలకుండీలు. వాటికి పక్కింటావిడ నీళ్ళు పోస్తుంది." చెయ్యి చాపింది. "కట్టండి."

అందరికంటే ముందు తేరుకున్నది అత్తగారు.

"పక్క మీదకి దుప్పటి కావాలి కదా!" అని వెళ్ళి, పనిబల్ల మీది పూల దుప్పటి కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజారు.

"మెల్లగా!" అని అరిచారు మామగారు. పట్టకార్లు చెల్లాచెదురయ్యాయి. తొమ్మిదో వాచీ జారి, దొర్లి, అంచు దగ్గర ఆయన అరచేతిలో పడింది. ఆ కుదుపుకే సెకన్ల ముల్లు కదిలింది. ఆయన చెవి దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. ఆ తర్వాత జడ్జిగారి చేతికి స్వయంగా కట్టి, కుర్చీ బల్లవైపు తిప్పుకుని కూర్చున్నారు.

అక్కడ కూర్చుంటేనే ఆయనకు బుర్ర పనిచేస్తుంది. చిన్నవాణ్ణి కిందనుంచి పైదాకా చూశారు. నేలమీద వాడి కాళ్ళ దగ్గర చిన్న మడుగు తయారైంది.

"నీళ్ళలో మునిగినా ఆగని వాచీ నేనింతవరకు చెయ్యలేదు," అన్నారు నెమ్మదిగా. "చేస్తే, దాన్ని కట్టుకుని నీళ్ళలో కాపురం చేసే చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే ఉంది. చేస్తాను. కానీ ఒక షరతు. అది నువ్వూ నేనూ కలిసి చెయ్యాలి. రోజూ పొద్దున ఈ బల్ల దగ్గర, నా పక్కన."

చిన్నవాడి మొహంలో వెలుగు వచ్చింది, వచ్చినట్టే ఆగింది. పొద్దునే కదా పిల్లలు నీళ్ళలో ఎదురుచూసేది. అది వరమో, ఉచ్చో వాడికి తెలియలేదు. వదినవైపు చూశాడు.

"ఆ ఎడిషన్‌లో మొదటి నంబరు నాకే," అంది జడ్జిగారు, కొత్త వాచీ వెలుగులోకి తిప్పి చూసుకుంటూ. "ఈత నేర్చుకోవాలని నాకూ ఉంది. ఎప్పటికిస్తారమ్మాయ్?"

పెద్దకోడలి నోరు అలవాటుగా తెరుచుకుంది. తెరుచుకుని, మూసుకుంది. ఈ ఒక్క తేదీ తను చెప్పేది కాదు.

"మరిదిగారూ, మిమ్మల్నే అడుగుతున్నారు," అంది. "త్వరలో అని మాత్రం అనకండి."